మీరడిగారు: మలేరియా మన నుంచి దోమకు ఎలా ఎక్కుతుంది?

చెనక్కాయ పీకే రోజులొచ్చాయంటే సీమలో చలిజ్వరాల మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. దోమ మనకు మలేరియా అంటిస్తుంది సరే, ఆ దోమకు ఎక్కడ అంటింది? మనకే అనుమానం రాకుండా మన రక్తంలోంచే అంటింది. అదెలాగో, ఎప్పుడో, ఎక్కడ అడ్డుకోవచ్చో ఈ జవాబుల్లో చూడండి.

ప్రశ్న: మా జువాలజీ పుస్తకంలో ‘కశాభ నిర్మోచనం’ అని ఉంది. మలేరియా మగ కణం మనిషి ఒంట్లో ఉన్నన్నాళ్లూ కదలకుండా ఉండి, దోమ కడుపులోకి పోగానే తోకలు విదిలిస్తుందట. దోమ కడుపులోకి చేరినట్టు దానికెట్లా తెలుస్తుంది?
– ఇంటర్ విద్యార్థి, అనంతపురం

జవాబు: మొదటి గుర్తు చల్లదనం. మన రక్తం వేడి 37 డిగ్రీలు. దోమకు సొంత వేడి లేదు, చుట్టూ గాలి ఎంత ఉంటే దాని ఒళ్లూ ఇంచుమించు అంతే. తాగిన రక్తం దాని కడుపులో కాసేపటికే ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది. రెండోది జాంథురెనిక్ యాసిడ్ అనే పదార్థం. దోమ ఒంట్లోనే తయారయ్యే ఈ పదార్థం పాత్ర 1998లో బయటపడింది. మూడోది రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.4 నుంచి కొంచెం పైకి జరగడం. వీటిలో చల్లదనం తప్పనిసరి. మిగతా రెండింటిలో ఏ ఒక్కటి తోడైనా కణం నిద్ర లేస్తుంది.

అసలు మన రక్తంలో ఉన్న మలేరియా పరాన్నజీవులన్నీ దోమకు పనికిరావు. జ్వరం తెప్పించేవి ఎర్ర రక్తకణంలో దూరి, పెరిగి, ముక్కలై, దాన్ని పగలగొట్టుకుని మరో కణంలో దూరుతుంటాయి. దోమ వీటిని మింగితే రక్తంతో పాటే అరిగిపోతాయి. ప్రతి విడతలో బహుకొద్ది మాత్రం ఈ దారి వదిలి ఆడ, మగ కణాలుగా మారతాయి. వీటినే గ్యామిటోసైట్లు (మీ పుస్తకంలో సంయోగబీజ మాతృకణాలు) అంటారు. దోమలో బతికి బట్టకట్టేవి ఇవే. సాధారణంగా ఆడవి ఎక్కువ, మగవి తక్కువ. ఒక్క మగ కణం ఎనిమిది బీజాలు ఇస్తుంది కాబట్టి మగవి తక్కువైనా లోటు లేదు.

ఆ ఎనిమిది ఎలా వస్తాయో చూడండి. రక్తం దోమ కడుపులో పడ్డాక 10 నుంచి 15 నిమిషాల్లో మగ కణం తన డీఎన్‌ఏను మూడుసార్లు రెట్టింపు చేస్తుంది: ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇంత వేగంగా డీఎన్‌ఏ నకలు తీసే కణాలు జీవలోకంలో అరుదు. తర్వాత చుట్టూ ఉన్న ఎర్రకణం పొర చిట్లి, ఎనిమిది సన్నని దారపు పోగులు కొరడాల్లా కొట్టుకుంటూ బయటికొస్తాయి. సూక్ష్మదర్శిని కింద పోగులు కనిపించకముందే పక్కనున్న ఎర్రకణాలు వాటికి అతుక్కుని గుత్తిగా వణుకుతూ కనిపిస్తాయి. చీమలు లాక్కుపోతున్న నూకగింజ కదిలినట్టుంటుంది. ఆడ కణానికి ఇంత హడావిడి లేదు. ఎర్రకణం పొర విడిచి గుండ్రంగా తయారై కూర్చుంటుంది.

గంటలోపే ఫలదీకరణ ముగుస్తుంది. ఆ పిండకణం ఒక పగలూ రాత్రీ గడిచేసరికి పురుగులా సాగి, పాకడం మొదలుపెడుతుంది. దీనికి గమన సంయుక్తబీజం అని పేరు. దానికి ఇక్కడే అసలు గండం. దోమ తాగిన రక్తం చుట్టూ ఒక పలచని సంచి కట్టుకుంటుంది, లోపల జీర్ణరసాలు ఊరుతుంటాయి. అరిగిపోయేలోపు ఆ సంచిని చీల్చి, కడుపు గోడ కణాన్ని దూరి, అవతలి వైపు గూడు కట్టాలి. గోడ దాటేచోట దోమ రోగనిరోధక వ్యవస్థ కాచుకుని ఉంటుంది. వందల్లో మింగినా గూడు కట్టేవి సాధారణంగా ఒకటి, రెండు, మహా అయితే ఐదు. కానీ గూటికి వేల చొప్పున స్పోరోజాయిట్లు (దోమ కుట్టినప్పుడు మనకు అంటే కణాలు) పుట్టి, గూడు పగిలాక దోమ లాలాజల గ్రంథులకు చేరతాయి. ఒక్క గూడు నిలిచినా ఆ దోమ జీవితాంతం ప్రమాదకారే.

ప్రశ్న: మా ఆయనకు మలేరియా. ఇద్దరం ఒకే గదిలో పడుకుంటాం. ఆయన్ని కుట్టిన దోమ వెంటనే నన్ను కుడితే నాకూ వస్తుందా?
– తాడిపత్రి

జవాబు: రాదు. పైన చెప్పిన తతంగమంతా పూర్తి కావడానికి వారం దాటుతుంది. ఈ రాత్రి ఆయన్ని కుట్టిన దోమ వచ్చే వారమో, ఆ పై వారమో మిమ్మల్ని కుడితే రావచ్చు. కాల్వగట్టు దోమ (క్యూలెక్స్), డెంగీ దోమ (ఏడిస్) ఎంత కుట్టినా మనుషుల మలేరియా రాదు, వాటి కడుపులో ఈ కణాలు ముందుకు సాగవు. ఆడ అనాఫిలిస్ ఒక్కదానితోనే భయం. తల్లి దోమ నుంచి గుడ్లకూ రాదు, ప్రతి దోమా కొత్తగా ఒక మనిషి దగ్గరే తెచ్చుకోవాలి.

ప్రశ్న: మలేరియా గుట్టు హైదరాబాదులో తేలిందంటారు. రోనాల్డ్ రాస్ కచ్చితంగా ఏం చూశాడు?
– పత్తికొండ

జవాబు: సైనిక వైద్యుడైన రాస్ సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న, నాలుగు రోజుల కిందట మలేరియా రోగి రక్తం తాగిన ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణాలు చూశాడు. పైన చెప్పిన గూళ్లు అవే. దోమ కణాలకు ఎక్కడా లేని నల్లటి పొడి రేణువులు వాటిలో ఉన్నాయి. మన ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ తిన్నాక పరాన్నజీవి మిగుల్చుకునే పొడి అది. రోగి రక్తంలో కనిపించే పొడే దోమ కడుపు గోడలోనూ కనిపించడంతో గుట్టు రట్టయింది. మర్నాడు ఐదు రోజులైన దోమను కోసి చూస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి, అంటే బతికి పెరుగుతున్నాయి. రక్తం తాగనిచ్చిన రోగికి దోమకు అణా చొప్పున ఇచ్చేవాడు. అంతకుముందు రెండేళ్లు ఆయన పడ్డ శ్రమలో చాలాభాగం వృథా అయింది, ఎందుకంటే కోసినవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ దోమలు. పై జవాబు చదివారుగా.

ప్రశ్న: మా నాయనకు రక్తపరీక్షలో మొదట ‘పీఎఫ్ ఆర్’ అని రాశారు. మాత్రలు వాడి పది రోజులైనాక మళ్లీ తీస్తే ‘పీఎఫ్ జీ’ అని వచ్చింది. జ్వరం లేదు, అన్నం తింటున్నాడు, చేనికి కూడా పోతున్నాడు. మందు పని చేయలేదా? మళ్లీ వాడాలా?
– ఆదోని

జవాబు: మందు పని చేసింది. పీఎఫ్ అంటే ప్లాస్మోడియం ఫాల్సిపారం, మలేరియా పరాన్నజీవుల్లో ఒక జాతి. ‘ఆర్’ అంటే ఉంగరం ఆకారంలో కనిపించే దశ, జ్వరం దాని పనే. అది పోయింది. ‘జీ’ అంటే గ్యామిటోసైటు, నెలవంక ఆకారంలో ఉంటుంది. ఇది పెరగదు, విడిపోదు, జ్వరం తెప్పించదు. కొన్ని వారాల్లో తనంతట తానే ముసలిదై పోతుంది. రెండో పరీక్షలో మళ్లీ ‘ఆర్’ ఉంటే మాత్రం మందు విఫలమైనట్టే, అప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవాలి.

మీ నాయన ఒంటికి ‘జీ’తో బాధ లేదు, బాధ మీ వీధికి. ఫాల్సిపారం గ్యామిటోసైట్లు ఎముక మజ్జలో దాక్కుని 10–12 రోజులు పండుతాయి. అంతవరకూ అవి ఉన్న రక్తకణాలు బిరుసుగా ఉంటాయి, తర్వాత మెత్తబడి రక్తంలోకి వస్తాయి. అందుకే జ్వరం వచ్చిన తొలి రోజుల్లో తీసిన స్లైడులో ‘జీ’ సాధారణంగా కనిపించదు, రెండో వారంలో కనిపిస్తుంది. అంటే రోగి తేరుకుని, కంబళి పక్కన పడేసి, సాయంత్రం అరుగు మీద కూర్చునే రోజుల్లోనే ఆయన రక్తం దోమకు బాగా పనికొస్తుంది. మూడు రోజులు ఇచ్చే ఆర్టెమిసినిన్ కాంబినేషన్ మాత్రలు (ఏసీటీ) జ్వరం దశనూ, పచ్చి గ్యామిటోసైట్లనూ చంపుతాయి. పండినవాటి మీద వాటి ప్రభావం తక్కువ. పండినవాటికి ప్రైమాక్విన్ ఉంది: జాతీయ మార్గదర్శకాల ప్రకారం కిలో బరువుకు 0.75 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు 45 మిల్లీగ్రాములు, రెండో రోజున ఒక్కసారే. నాయన ఆ మాత్ర మింగారో లేదో ఆశా కార్యకర్త దగ్గరున్న కార్డులో చూడండి. ఎక్కువగా తప్పిపోయేది ఇదే. ఏసీటీ పట్టీ మొత్తం పూర్తి చేసి, జ్వరం తగ్గింది కదా అని విడిగా ఇచ్చిన ఈ చిన్న మాత్రను కిటికీ మీద వదిలేస్తారు. వేసుకోకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పండి, సొంతంగా కొని వేయొద్దు. కారణం తర్వాతి జవాబులో ఉంది.

ఇంకో మాట. స్లైడులో ‘జీ’ లేదని రాస్తే రక్తంలో అసలు లేవని అర్థం కాదు. స్లైడు మీద వేసిన మందపాటి రక్తపు పూతలో 200 తెల్లకణాలు లెక్కించేలోపు ఒక్క గ్యామిటోసైటు కనిపించిందంటే మైక్రోలీటరు రక్తంలో సుమారు 40 ఉన్నట్టు లెక్క. దోమ ఒక్కసారి తాగేది రెండు మూడు మైక్రోలీటర్లు. మైక్రోలీటరుకు ఐదే ఉన్నాయనుకోండి, స్లైడు మీద దొరకడం కష్టం. కానీ దోమ కడుపులోకి 10–15 పోతాయి, అందులో రెండు మూడు మగవైనా చాలు. ఇక కార్డు టెస్టులో (అక్కడికక్కడే ఫలితం చెప్పే పరీక్ష) పడే ఫాల్సిపారం గీత గ్యామిటోసైట్లను వేరుగా చూపదు. ఆ గీత జబ్బు నయమైన కొన్ని వారాల వరకు కూడా పడుతుంది, అది చూసి కంగారుపడి మళ్లీ మాత్రలు మింగకండి.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరికి మలేరియా. ఒకరికి ప్రైమాక్విన్ ఒక్కరోజు, ఇంకొకరికి 14 రోజులు రాశారు. మాత్ర ఒకటే కదా, నాలుగు రోజులు వేసి ఆపితే ఏమవుతుంది?
– మైదుకూరు

జవాబు: ఒక్కరోజు రాసిన వారిది ఫాల్సిపారం, పండిన గ్యామిటోసైట్ల కోసం పై జవాబులో చెప్పిన మాత్ర అదే. 14 రోజులు రాసిన వారిది వైవాక్స్ అనే మరో జాతి. అందులో గ్యామిటోసైట్లు జ్వరంతో పాటే, ఒక్కోసారి జ్వరం కన్నా ముందే రక్తంలో ఉంటాయి. వాటిని క్లోరోక్విన్ చంపేస్తుంది, మూడు రోజుల్లో ఆ పని అయిపోతుంది. ఇక్కడ ప్రైమాక్విన్‌కు వేరే పని ఉంది. వైవాక్స్ కాలేయంలో కొన్ని నిద్రకణాలు దాచుకుంటుంది. అవి నెలల తర్వాత లేచి జ్వరం తిరగబెడతాయి. వాటిని తుడిచేయడానికి కిలోకు 0.25 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు 15, పద్నాలుగు రోజులూ పడాలి. నాలుగు రోజులకే ఆపితే నిద్రకణాలు మిగులుతాయి. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ దోమలకు కొత్త విడత గ్యామిటోసైట్లు అందుతాయి, అదీ రోగి ఆస్పత్రికి కదలకముందే.

గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ఈ మాత్ర ఇవ్వరు. బిడ్డకు పాలిచ్చే తల్లులు వైద్యుణ్ని అడగాలి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవాళ్లకు దీనితో ఎర్రకణాలు చిట్లుతాయి. మూత్రం నల్ల టీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపునొప్పి, వాంతులు వస్తాయి, అన్నం తిన్నాకే వేసుకోండి. సగంలో మానేసేవాళ్లలో కొందరు కేవలం ఈ కడుపునొప్పికే మానేస్తారు.

ప్రశ్న: ల్యాబ్‌లో పని చేస్తాను. మలేరియా అనుమానంతో వచ్చిన ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ట్యూబు రక్తాన్ని సాయంత్రం స్లైడు వేస్తే సన్నని మెలికల పోగులు కనిపించాయి. స్పైరోకీట్ బాక్టీరియా అనుకున్నాం. పొద్దున అదే రోగి వేలి నుంచి తీసిన స్లైడులో అవి లేవు. ఏమై ఉంటుంది?
– కర్నూలు

జవాబు: వేలి స్లైడులో గ్యామిటోసైట్లు ఉంటే, అవి మగ బీజాలే అయ్యే అవకాశం ఎక్కువ. రక్తం ట్యూబులో చల్లబడింది, మూత తీసినప్పుడు కార్బన్ డయాక్సైడు పోయి పీహెచ్ పెరిగింది. మొదటి జవాబులోని రెండు గుర్తులూ దొరికేశాయి కాబట్టి దోమ లేకుండానే మగ కణం పగిలింది. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో తాజా రక్తపు చుక్కలో ఇవి కొట్టుకోవడం చూసే ఇది ప్రాణమున్న జీవి అని నిశ్చయించుకున్నాడు. మీరు చేయాల్సిందల్లా, వీలైనంతవరకు వేలి నుంచి నేరుగా స్లైడు వేయండి. ట్యూబే గతి అయితే తీసిన వెంటనే పూత వేసి ఆరబెట్టండి. ఆలస్యమైతే ఆడ కణాలు కూడా పొర విడిచి గుండ్రమవుతాయి, ఫాల్సిపారం నెలవంక ఆకారం పోయి జాతి గుర్తించడంలో పొరపాటు పడతారు. మందపాటి పూతకు మిథనాల్ తగలనివ్వకండి, ఎర్రకణాలు కరగక అసలేమీ కనపడదు. సన్న పూతకు మిథనాల్ కావాలి. ఒకే స్లైడు మీద రెండూ వేసినప్పుడు సన్న పూత వైపు కిందికి ఉండేలా వంచి పట్టుకోండి.

ప్రశ్న: ఎండాకాలంలోనూ దోమలు కుడతాయి, అయినా మా వైపు మలేరియా దసరా, దీపావళి మధ్యే ఎక్కువ. ఎందుకు?
– కళ్యాణదుర్గం

జవాబు: వాన నీళ్లు ఒక కారణం, మిగతాది లెక్క. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎన్ని రోజుల్లో తయారవుతుందనేది వేడిని బట్టి ఉంటుంది. ఫాల్సిపారం 16 డిగ్రీల పైన, వైవాక్స్ 14.5 డిగ్రీల పైన ఎదుగుతాయి. ఆ గీత పైన రోజూ దొరికే డిగ్రీలను కూడుతూ పోతే ఫాల్సిపారంకు 111, వైవాక్స్‌కు 105 కావాలి. సగటు వేడి 28 డిగ్రీలుంటే ఫాల్సిపారంకు రోజుకు 12 డిగ్రీలు జమ, తొమ్మిది రోజులు దాటగానే సిద్ధం. వైవాక్స్‌కు ఎనిమిది రోజుల లోపే. 20 డిగ్రీలకు పడితే ఫాల్సిపారంకు 28, వైవాక్స్‌కు 19 రోజులు పడతాయి.

దోమ అన్నాళ్లు బతకాలి కదా. వంద దోమల్లో రోజుకు 15 శాతం చస్తాయనుకుందాం. తొమ్మిది రోజులకు 23 మిగులుతాయి. 28 రోజులకు మిగిలేది ఒక్కటే. మే నెలలో ఇంకో రకం దెబ్బ. పొడిగాలికి దోమ తొందరగా చస్తుంది, 35 డిగ్రీలు దాటిన దోమ కడుపులో పరాన్నజీవి కూడా నిలవదు. అక్టోబరులో తేమ, మితమైన వేడి, నీళ్లు మూడూ కుదురుతాయి. అయితే వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత దోమది కాదు. అది పగలంతా కొట్టంలో, నీళ్ల గోలెం వెనక, స్నానాల గది మూలలో చల్లగా కూర్చుంటుంది. అందుకే ఎండాకాలంలోనూ ఒకటీ అరా కేసులు వస్తుంటాయి.

ప్రశ్న: కడప బండల తొట్టిలో నీళ్లు పట్టుకుంటాం. అందులో పురుగులు తిరుగుతున్నాయి. మలేరియా దోమ పిల్లలా, మామూలువా? పక్కనే వదిలేసిన నాపరాళ్ల గని గుంతలోనూ ఉన్నాయి.
– ఎర్రగుంట్ల

జవాబు: తెల్ల గిన్నెతో పైనుంచి నీళ్లు తీసి కదపకుండా ఓ నిమిషం ఉంచండి. నీటి ఉపరితలానికి ఆనుకుని పడుకున్నట్టు అడ్డంగా ఉంటే అనాఫిలిస్, వాటికి ఊపిరి గొట్టం లేదు. తల కిందికి పెట్టి వాలుగా వేలాడితే క్యూలెక్స్ లేదా ఏడిస్. మన పట్టణాల అనాఫిలిస్ స్టెఫెన్సీకి మురుగు అక్కర్లేదు. తొట్టి, సంపు, డాబా మీది ట్యాంకు, బావి, ఇలా మనం తాగే మంచినీళ్లే దానికి కావాలి. పల్లెల్లో క్యులిసిఫేసీస్ అనే జాతి కాలువలు, కుంటలు, గుంతల్లో పెరుగుతుంది.

గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడికి ఏడు నుంచి పది రోజులు. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి ఎండనిస్తే ఆ విడత ఆగిపోతుంది. అడుగున చారెడు నీళ్లు వదిలితే ఆ శ్రమంతా దండగ. తొట్టి గోడల్ని కొబ్బరిపీచుతో రుద్దమనేది ఏడిస్ గుడ్ల కోసం, అవి గోడకు అతుక్కుంటాయి. అనాఫిలిస్ గుడ్లు నీటి మీద తేలతాయి. గని గుంతను ఖాళీ చేయలేరు, మలేరియా విభాగాన్ని అడిగి దోమ పిల్లల్ని తినే గంబూజియా చేపలు వదిలించండి. గట్టున గడ్డి, నాచు తీయకపోతే చేపకు అందని చోట పిల్లలు దాక్కుంటాయి.

ప్రశ్న: ఇంట్లో ఒకే దోమతెర, ఐదుగురం. జ్వరమొచ్చిన పెద్దబ్బాయికి కట్టాలా, ఏడు నెలల పాపకా?
– గుత్తి

జవాబు: ఇద్దర్నీ ఒకే తెరలో పడుకోబెట్టండి. మలేరియా పక్కన పడుకుంటే అంటదు. ఇంట్లో ఇప్పటికే సిద్ధమైన దోమ ఉంటే పాప దానికి దొరకకూడదు, చంటిపిల్లలకు ఇది తొందరగా ముదురుతుంది. అబ్బాయి రక్తం కొత్త దోమకు దొరకకూడదు. మందు మొదలైన రోజు నుంచి కనీసం రెండు వారాలు అబ్బాయి తెరలోనే పడుకోవాలి, జ్వరం తగ్గిందని మూడో రోజే బయట మంచం వేయకండి. పొద్దు గుంకకముందే తెర దించి, అంచులు చాప కిందికి దోపండి. మంచం చిన్నదై చెయ్యో కాలో తెరకు ఆనుకుంటే దోమ బయటి నుంచే కుడుతుంది. ముగ్గురు పట్టకపోతే తల్లి బయట పడుకుని, ఒళ్లంతా కప్పుకోవాలి, కాళ్లకూ చేతులకూ వేపనూనె కన్నా దుకాణంలో దొరికే దోమల క్రీము మేలు. పాపకు పాలివ్వడానికి తెర ఎత్తినప్పుడల్లా లోపలికి ఒకటో రెండో దూరతాయి, పడుకునే ముందు టార్చి వేసి మూలలు చూడండి.